కుమ్మరి మొల్ల

తెలుగు దేశమున మొల్ల పేరు వినని యిల్లు అరుదు. అయినను ఆ పేరును ఒంటరిగా పలుకువారును అరుదే. నన్నయ భట్టు, తిక్కన సోమయాజి, బమ్మెర పోతన అనునట్లే కుమ్మరి మొల్ల అనుట లోకమున వాడుక. భట్టు, సోమయాజి అనునవి విద్యకును యజ్ఞమునకును సంబంధించిన గౌరవ వాచకములు. బమ్మెర యనునది ఇంటిపేరు. మొల్ల పేరునకు ముందు నిలిచినది మాత్రము ఒక చేతిపని. మట్టిని తొక్కి, సారెపై నిలిపి, నిప్పులో కాల్చి లోకమునకు కుండ నందించు పని. ఈ విశేషణమును ఆమె తన కావ్యమున తనకు పెట్టుకొనలేదు. తరతరములుగా లోకము పెట్టుచు వచ్చినది. అందుచేత ఆమె జీవితమును తెలిసికొనగోరువారు తన్ను గూర్చి ఆమె యేమి చెప్పుకొనెనో, ఆమెను గూర్చి లోకమేమి చెప్పుకొనెనో ఈ రెంటిని వేరువేరుగ చూచి, పిమ్మట దగ్గరకు చేర్చుకొనవలసి యుండును.

ఆమె చెప్పుకొన్నది కొంచెము. రామాయణ కావ్యమునకు అవతారికగా వ్రాసిన పద్యములలో తాను ఆతుకూరి కేసన కూతురనని తెలిపినది. ఆ కేసన గురువును, లింగమును, జంగమును అర్చించువాడనియు, శివభక్తియందు ఆసక్తుడనియు, బంధువులకు హితము కోరువాడనియు కొనియాడినది. తన చదువును గూర్చి ఆమె పలికిన తీరు మిక్కిలి వినయముతో కూడినది. దేశ్యపదములలో గాని, సంస్కృత శబ్దములలో గాని, సంధులలో గాని, అలంకార ఛందస్సులలో గాని తనకు పాండిత్యము లేదనియు, గోపవరమున వెలసిన శ్రీకంఠ మల్లేశ్వరుని వరముచేతనే కవిత్వము చెప్ప నేర్చితిననియు ఆమె విన్నవించుకొనెను. ఇంతకు మించి తన పుట్టుకను గూర్చి గాని, కులమును గూర్చి గాని, పెండ్లిని గూర్చి గాని అందు పలుకలేదు.

ఆ గోపవరము కడప జిల్లా బద్వేలు దాపున నున్న గోపవరమేయని పలువురి అభిప్రాయము. నెల్లూరు సీమవారు ఆమెను తమ సీమ బిడ్డగా చెప్పుకొందురు. ఈ రెండు సీమలును పొరుగు సీమలే. వెలికొండల కిటునటు నున్న ఈ ప్రాంతమున శైవము నాడు బలముగా నుండెను. శ్రీశైల మల్లికార్జునుని పేరు ప్రతి పల్లెయందును మల్లన్నయై, మల్లేశుడై మారుమ్రోగెను. మొల్ల యనునది మల్లెజాతి పువ్వు పేరు. మల్లికార్జునునకు ప్రియమైన పువ్వు పేరునే కేసన తన బిడ్డకు పెట్టుకొనెనని పెద్దలందురు. చిన్ననాటనే తల్లి చనిపోగా తండ్రియే తల్లియై పెంచెనని, అక్షరములు దిద్దించెనని, ఆమెను భక్తి మార్గమున నడిపించెనని జనశ్రుతి. కూతురు తన పరిచయమున తండ్రి నొక్కనినే అంత గౌరవముతో తలచుకొనుటను చూడగా ఈ జనశ్రుతి నమ్మదగినదిగానే కన్పట్టుచున్నది.

ఆమె కుమ్మరి యింటి బిడ్డయను మాట ఆ సీమలలోనే గాక తెలుగు దేశమంతటను పాతుకొని పోయినది. ఆ మాట యెంత బరువైనదో తెలియవలెనన్నచో ఆ యింటి పని యెట్టిదో తెలియవలెను. కుమ్మరికి కావలసిన మన్ను ఎక్కడపడిన నక్కడ దొరకదు. ఎండకాలమున చెరువు నీరు తీసిన పిమ్మట అడుగున తేలు జిగురుమన్ను త్రవ్వి, తట్టల కెత్తి తేవలెను. దానిని ఎండబెట్టి, కర్రతో చితుకగొట్టి, రాళ్లును వేళ్లును ఏరివేసి, నీట నానబెట్టవలెను. వట్టి జిగురుమన్నుతో చేసిన కుండ ఆరునపుడే నెఱ్ఱెలు వాఱును. ఇసుక మిక్కుటమైనచో సారెపై లేవక కూలబడును. ఆ పాలును సరిచూచునది కాలు. గంటల తరబడి మట్టిని తొక్కి తొక్కి, అరికాలికి చిన్న పలుకు కూడ తగులని దాక తొక్కవలెను.

పిమ్మట సారె. నేలలో నాటిన మొనపై నిలిచిన బరువైన చక్రమది. దాని అంచున నున్న గుంటలో కోలనుంచి వేగముగా త్రిప్పి వదలినచో తన బరువుచేతనే కొంతసేపు తిరుగుచుండును. ఆ కొంతసేపటిలోనే కుమ్మరి మట్టిముద్దను నడుమకు తెచ్చి, బొటనవ్రేళ్లతో తెరచి, గోడ లేపి, అంచు తీర్చి, దారముతో కోసి దించవలెను. సారె దిగిన కుండ ఇంకను కుండ కాదు. దాని గోడలు దళసరిగా నుండును, అడుగు నిండదు. ఒకపూట ఆరిన తరువాత లోపల ఒక గుండ్రాయి నుంచి, వెలుపల కొయ్యపలకతో తట్టుచు, చుట్టును త్రిప్పుచు, అడుగును గుండ్రముగా మూసి, గోడలను పలుచన చేయుదురు. మూడు రాళ్ల పొయ్యిపై మంట నలువైపుల సమముగా నంటుటకు ఆ గుండ్రని అడుగే తగినది. ఇది యంతయు నీడన ఆరవలెను. తరువాత ఎఱ్ఱమన్ను పూత, రాతితో మెఱుగు, కడపట ఆవము. కుండలను వరుసలుగా పేర్చి, నడుమ పిడకలు, పుల్లలు కూర్చి, పైన గడ్డియు మట్టియు కప్పి నిప్పంటింతురు. లోన తడి మిగిలిన కుండ పగిలి ప్రక్కదానిని కూడ పగులగొట్టును. ఆవము నడుమ వాన వచ్చెనేని నెలదినముల పని మన్నై పోవును.

ఈ పనిలో సగము ఆడువారిది. మన్ను మోయుట, జల్లించుట, తొక్కుట, మెఱుగు పెట్టుట, తట్టలో పేర్చుకొని ఊరూర తిరిగి గింజలకు కుండ లిచ్చుట వారి వంతు. సారెను మాత్రము ఆడుది త్రిప్పరాదను కట్టుబాటు చాలచోట్ల నుండెను. కుమ్మరి యింట పుట్టిన ఆడబిడ్డ మట్టినంతయు చేతులారా సిద్ధము చేసి, దానికి రూపు వచ్చు ఘడియలో ప్రక్కకు తొలగి నిలువవలసినదే. మొల్ల ఆ యింటి బిడ్డయే యైనచో, రూపమిచ్చు పని నామె మట్టియందు గాక మాటయందు చేసికొన్నదని చెప్పవలసి యుండును.

తెలుగు దేశమున ఈ విద్య మొల్ల నాటికే మిక్కిలి పాతది. నేడు పారిశ్రామికవాడగా పేరొందిన పటాన్‌చెరు, ఇంద్రేశం ప్రాంతములకు పడమరగా, సంగారెడ్డి దాటిన పిమ్మట కొండాపురము కలదు. అచ్చటి మట్టిదిబ్బను 1940వ దశకమున నాటి హైదరాబాదు రాజ్య పురావస్తుశాఖవారు త్రవ్వగా శాతవాహనుల నాటి పట్టణ మొకటి బయటపడినది. నాణెములతోను, పూసలతోను పాటు అక్కడ దొరికిన మట్టిపాత్రలును, తెల్లమట్టితో అచ్చులలో తీర్చిన చిన్న బొమ్మలును రెండువేల యేండ్ల నాటి తెలుగు కుమ్మరి చేతి నేర్పును చూపుచున్నవి. వానిలో కొన్నింటిని అచ్చటి ప్రదర్శనశాలలో భద్రపరచిరి. శాతవాహనులకును కుమ్మరులకును గల సంబంధమును కథలును చెప్పుచున్నవి. శాలివాహనుడు ప్రతిష్ఠానపురమున కుమ్మరి యింట పెరిగి, తాను మట్టితో చేసిన గుఱ్ఱములకును భటులకును ప్రాణము పోసి విక్రమార్కుని సేనను గెలిచెనని ఆ కథ. నేటికిని తెలుగు కుమ్మరులు తమ్ము శాలివాహనులని చెప్పుకొనుటకు కారణ మిదియే. క్రీస్తుశకము 78తో మొదలగు శకమునకు ఆ రాజు పేరే నిలిచినది.

ఇంత గొప్ప కథను వెనుక నుంచుకొన్న కులమునకు ఊరిలో దక్కిన చోటు మాత్రము వేరు. విజయనగర కాలపు పల్లెలో పన్నిద్దరు ఆయగాండ్రుండిరి. కరణము, రెడ్డి మొదలుకొని చాకలి, మంగలి వరకు ఊరి పని చేయుచు పంటలో పాలు గొనువారు వారు. కుమ్మరియు వారిలో నొకడు. పురిటింటి నీటికి కుండ కావలెను. పెండ్లికి ఐరేని కుండలు కుమ్మరి యింటినుండి మేళతాళములతో రావలెను. శవమునకు ముందు నడచునది కుండ, చితి దగ్గర పగులునది కుండ. ఇన్నిటికి కావలసినవాడైనను శాస్త్రములు చదువు నర్హత యుండినవారి వరుసలో నతనికి చోటు లేకపోయెను. కుమ్మరి యను మాట పండితుని నోట పడినప్పుడు ఒక రీతిగను, కుమ్మరి నోట పడినప్పుడు మఱొక రీతిగను ధ్వనించుట కిదియే మూలము.

అయితే కేసన యనుసరించిన శైవ మార్గమున ఈ లెక్క మారినది. గురువు, లింగము, జంగము అను మూటిని కొలుచుట వీరశైవుల ధర్మము. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడు కాయకష్టమును పూజతో సమానముగా నిలిపెను. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు ఆ భక్తుల కథలను జాను తెనుగున, ద్విపదలో బసవపురాణముగా రచించెను. అందు కుమ్మరి గుండయ్య కథ కలదు. గుండయ్య కుండలు చేయుచు, ఆ కుండలనే వాద్యముగా వాయించుచు శివుని కీర్తించుచుండగా ఆ మ్రోతకు శివుడు దిగివచ్చి నాట్యమాడెను. కుండను తట్టి మ్రోతను వినుట కుమ్మరికి నిత్యకృత్యము. బాగుగా కాలిన కుండ గంటవలె మ్రోగును, నెఱ్ఱె వడినది మొద్దుగా పలుకును. మహారాష్ట్ర భక్తులలో గోరా కుంభారును గూర్చిన కథయు నీ జాతిదే. అతడు భక్తుల తలలను కుండలను తట్టినట్లు తట్టి, ఎవరు కాలిరో ఎవరు పచ్చియో తేల్చెనట. పండితులు పరీక్షించు రాజసభకు మారుగా కుమ్మరి పరీక్షించు భక్తసభను ఈ కథలు నిలిపినవి. లింగ జంగములను కొలుచు నింట పెరిగిన బిడ్డ చెవిని గుండయ్య కథ పడక మానదు.

మొల్ల కాలమును గూర్చి వాదము లనేకము బయలుదేరినవి. ఆమెను కాకతీయ ప్రతాపరుద్రుని కాలమునకు జరిపినవారు కలరు; శ్రీకృష్ణదేవరాయల సభకు తెచ్చినవారు కలరు. కాకతీయ రాజ్యము 1323లో అంతరించినది. పదునైదవ శతాబ్ది పూర్వార్ధమున వెలుగొందిన శ్రీనాథుని మొల్ల తన పూర్వకవులలో నొకనిగా తలచుకొనెను గనుక మొదటి మాట పొసగదు. రాయలు 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలెను. మొల్ల పదునాఱవ శతాబ్దమున, ఇంచుమించుగ నా కాలముననే యుండెనని సాహిత్య చరిత్రకారులలో పెక్కుమంది నిర్ణయము. అన్నమాచార్యుల భార్య తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణము వెలుగు చూచిన పిమ్మట తొలి తెలుగు కవయిత్రి యను బిరుదము ఆమెకు చెందినది. రామకథను సంపూర్ణ కావ్యముగా తెలుగున రచించిన తొలి స్త్రీ యను ఖ్యాతి మొల్లకు నిలిచియున్నది.

ఆమె రామాయణము ఆఱు కాండముల గ్రంథము. ఉత్తరకాండము నామె చేపట్టలేదు. వాల్మీకి యిరువదినాలుగు వేల శ్లోకములలో చెప్పిన కథను ఆమె ఇంచుమించు 870 గద్యపద్యములలో ముగించెను. అంతకు ముందే రంగనాథ రామాయణము ద్విపదలోను, భాస్కర రామాయణము చంపువుగాను తెలుగున వెలసియున్నవి. ఇందరు చెప్పిన కథను మరల చెప్పనేల యను ప్రశ్నను ఆమె తానే వేసికొని తానే బదులిచ్చినది. రాముడే తనకు రాజు, రాముడే దైవము. అట్టివానిని కొనియాడుటలో తప్పు లేదనుట ఆ బదులు సారము. రాజును దైవమును ఒక్కనియందే చూచుకొన్న తరువాత కృతి యిచ్చుటకు వేఱొక రాజు అవసరము లేకపోయెను. శ్రీనాథుని వంటి మహాకవులు కృతుల నందుకొను ప్రభువుల కొఱకు రాజ్యము వెంట రాజ్యము తిరిగిన మార్గమును విడిచి, ఆమె తన కావ్యమును నరుని కంకితము చేయక నిలిచినది. శివభక్తుని కూతురు, శివుని వరమున కవిత్వ మబ్బినదని చెప్పిన కవయిత్రి, విష్ణుకథను వ్రాయుటలో నామెకు విరోధము కన్పట్టలేదు.

కవిత్వ మెట్లుండవలెనో చెప్పినచోట ఆమె మాట మిక్కిలి స్పష్టము. తేనె నాలుకకు తగిలినంతనే తీపి తెలిసినట్లు పద్యము చెవిని పడినంతనే అర్థము తెలియవలెనని ఆమె మతము. గూఢములైన శబ్దములను కూర్చిన కావ్యమును మూగవానికిని చెవిటివానికిని నడుమ సాగు ముచ్చటతో పోల్చి త్రోసిపుచ్చినది. చక్కని చోట చక్కని మాటయు, సామెతయు పొదిగినచో చదువరికి వేడుక యని తలచినది. రాయల నాటి ప్రబంధములు దీర్ఘ సమాసములతో, శ్లేషలతో, వర్ణనలతో బరువెక్కుచున్న యుగమున ఇట్టి మాట పలుకుటకు ధైర్యము కావలెను. శాస్త్రములు తెలియవని చెప్పుకొన్న వినయమును, తెలియని శబ్దముల కావ్యము తనకు వలదన్న ఈ తీర్పును పక్కపక్కన నుంచి చూచినచో ఆ వినయము అసమర్థత గాదని తేటపడును. ఛందస్సు ఆమెకు తెలియును, కావ్యమంతయు సాక్ష్యము. ఆ విద్యను ప్రదర్శనకు పెట్టుట యామె కిష్టము లేదు.

కథను నడపుటలోను ఆమె తనదైన చూపును చూపినది. గంగ దాటు ఘట్టమున గుహుడు రాముని పాదములు కడిగిన తరువాతనే ఓడ నెక్కించుకొనుట అందొకటి. రాముని కాలి ధూళి సోకి రాయి ఆడుదియైనదని విన్న గుహునకు తన ఓడ యేమగునో యని భయము పుట్టినది. వాల్మీకమున ఈ ముచ్చట లేదు. అధ్యాత్మ రామాయణమున కలదు. అన్నింటిని కుదించుచు వచ్చిన కవయిత్రి దీనిని విడువక చేర్చుకొన్నది. ఓడ గుహునకు బ్రతుకుతెరువు. దైవమే వచ్చి రేవున నిలిచినను పనివాని మనస్సు మొదట పనిముట్టు మీదికి పోవును. భక్తియు, హాస్యమును, బ్రతుకు భయమును ఒక్కచోట కలిసిన ఈ సన్నివేశము తెలుగు పల్లెలలో నోటికి నోటికి ప్రాకి, ఆమె పేరు నెరుగనివారికి సైతము చేరినది.

ఆమెను గూర్చి లోకము చెప్పుకొన్న కథలు వేఱొక కావ్యము. ఐదు దినములలో రామాయణమును ముగించెననునది యొకటి. రాయల సభలో కావ్యము చదువబోగా పండితులు కుమ్మరిదాని కవిత్వమును వినుట యెట్లని అడ్డు తగిలిరనునది యొకటి. వీధిలో కుక్కపిల్లను కోడిపిల్లను వెంటబెట్టుకొని పోవుచున్న ఆమెకు తెనాలి రామకృష్ణు డెదురై రెండర్థముల మాటలతో ఎగతాళి చేయబోగా ఆమె దీటుగా బదులిచ్చెననునది మఱొకటి. వీనిలో నేదియు చరిత్రకు నిలుచునది కాదు. కాని ఈ మూటియందును తెలుగువారి మనస్సు కనబడుచున్నది. కుమ్మరి యింటి స్త్రీ కావ్యము వ్రాసినచో అది దైవికమైన అద్భుతము కావలెను, లేదా పండితుల యెదుట పరీక్షకు నిలువవలెను, లేదా వీధిలో ఎగతాళికి గురి కావలెను. నేర్చుకొని, తలపోసి, దిద్దుకొని వ్రాసెనను సామాన్యమైన మాటను మాత్రము ఏ కథయు చెప్పదు. ఐదు దినముల కథ ఆమెకు మహిమను కట్టబెట్టి ఆమె శ్రమను తీసివేసినది.

ఈ సందర్భమున ఫ్రాన్సు దేశమున ఆ శతాబ్దముననే జీవించిన కుమ్మరి బెర్నార్డ్ పాలిస్సీని తలచుకొనుట తగును. అతడు 1510 ప్రాంతమున పుట్టెను. పాత్రలపై తెల్లని గాజుపూత రహస్యమును కనిపెట్టుటకు ఇంచుమించు పదునాఱు సంవత్సరములు పాటుపడెను. కట్టెలు కొన డబ్బు లేక యింటి బల్లలను, నేల పలకలను పెరికి కొలిమిలో వేసెను. ఇరుగుపొరుగువారు పిచ్చివాడనిరి. చివరకు పని ఫలించి రాచకుటుంబపు ఆదరమును పొందెను. 1580లో అచ్చైన తన గ్రంథమున మట్టిని, నిప్పును, తన ఓటములను తానే వివరముగా వ్రాసికొనెను. మతము మార్చుకొననందున వృద్ధాప్యమున బాస్తీలు చెరసాలలో బందీయై, 1590 ప్రాంతమున అక్కడనే మరణించెను. ఆ కుమ్మరి జీవితము మనకు తెలియుట అతని నోటనే. మన కుమ్మరి కవయిత్రికి సారెను గూర్చి వ్రాయదగు కావ్యరూపమే తెలుగున లేకుండెను. రాజుల కథ, దేవతల కథ కావ్యమునకు తగినవి. ఆవము దగ్గర మేల్కొన్న రాత్రి తగినది కాదు. రామునిగూర్చి వ్రాయుటకే అనుమతి నడుగుకొనవలసిన చోట, తండ్రి చేతి మట్టిని గూర్చి ఎవరు విందురు?

ఆధునిక కాలమున కొందరు విమర్శకులు మొల్ల కుమ్మరి యనుటకు ఆమె గ్రంథమున ఆధారము లేదని చెప్పిరి. తండ్రిని శివభక్తునిగా మాత్రమే చెప్పినది గనుక ఆమెను వీరశైవ కుటుంబపు బిడ్డగా నెంచుట చాలునని వారి వాదము. ఈ వాదము గ్రంథము మేరకు సత్యమే. కాని వీరశైవుడగుటకును కుమ్మరి యగుటకును పొత్తు కుదరదని చెప్పుటకు వీలులేదు. గుండయ్య కథయే దానికి బదులు. లింగధారణ చేసినవాడు కులమును చెప్పుకొనరాదను నియమము ఆ మార్గమున నుండెను. కేసన యా నియమమును పాటించువాడైనచో కూతురు కులమును పేర్కొనకుండుట ఆ ధర్మమునకు తగియేయున్నది. ఇంతకును ఉన్నత కులపు కవికి లేని కుమ్మరి పేరును లోకము ఊరక అంటగట్టునా యను ప్రశ్న మిగులును. గౌరవము కొఱకు కవులను పై కులములకు ఎక్కించిన కథలు మన దేశమున కలవు గాని, పేరుగాంచిన కవిని చేతిపని కులమునకు దింపిన కథలు అరుదు. ఐదు వందల యేండ్ల జనుల జ్ఞాపకమును త్రోసివేయుటకు ఒక అవతారిక మౌనము చాలదు.

తుదినాళ్లలో ఆమె శ్రీశైలము చేరి, సన్యాసినివలె శివధ్యానమున కాలము గడపెనని చెప్పుదురు. వరమిచ్చిన మల్లేశుని మూలస్థానమునకే చేరుకొన్నదన్న మాట. ఆమె పెండ్లిని గూర్చి, సంతానమును గూర్చి జనశ్రుతియు మౌనమే వహించినది. ఆమె తరువాత ఆ యింటి పేరును నిలిపినది ఆ కావ్యమొక్కటే.

ఇరువదవ శతాబ్దమున మొల్లకు కొత్త జీవము వచ్చినది. ఆమె పద్యములు బడిపిల్లల పాఠ్యపుస్తకములలోనికి వచ్చినవి. ఇంటూరి వెంకటేశ్వరరావు ఆమె కథను నవలగా వ్రాసెను. 1970లో పద్మనాభం దర్శకత్వమున, వాణిశ్రీ ప్రధాన పాత్రమున కథానాయిక మొల్ల అను చలనచిత్రము వెలువడి, ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా బంగారు నంది నందుకొనెను. 1986లో హైదరాబాదు ట్యాంకుబండుపై తెలుగు మహనీయుల విగ్రహములను నిలిపినపుడు మొల్ల విగ్రహమునకును చోటు దక్కినది. శాలివాహన సంఘములవారు ఆమె జయంతిని తమ యింటి పండుగగా జరుపుకొనుచున్నారు. పండితసభలో అడ్డుపుల్లయైనదని కథలు చెప్పిన ఆ పేరే నేడు వారికి పతాకమైనది.

ఆ పేరునకు మూలమైన పని మాత్రము సన్నగిలినది. సత్తుగిన్నెయు, ఉక్కుబిందెయు, పిమ్మట ప్లాస్టిక్ బిందెయు వచ్చి కుండను వంటింటినుండి వెళ్లగొట్టినవి. పటాన్‌చెరు పరిసరములందు 1970వ దశకమునుండి కర్మాగారములు వెలసినవి. వాని వ్యర్థజలములు వాగులను చెరువులను పాడుచేసిన సంగతి 1990లో సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినది. చెరువు పాడగుట రైతునకు నీటి నష్టము. కుమ్మరికి నీటితో పాటు మన్నును నష్టము. బోనములకును, పెండ్లి ఐరేనికిని, దీపావళి ప్రమిదలకును, వేసవి కూజాలకును నేటికిని కుమ్మరి చేతి పాత్ర కావలసియున్నది. చెమర్చి నీటిని చల్లబరచు గుణము ఆ మట్టిగోడకే కలదు. ఏటికొక పండుగకు మాత్రమే కావలసివచ్చు చేతిపని ఏడాది పొడుగునను యింటిని పోషింపజాలదు గనుక సారె తిరుగు ఇండ్లు ఊరూర తగ్గుచున్నవి.

కుమ్మరి మొల్ల యను పేరు పలికినప్పుడు తెలుగువాడు కవయిత్రినే తలచుచున్నాడు. ముందున్న మాట అలవాటుగా నోటికి వచ్చుచున్నది. ఆ మాట నొకప్పుడు ఆమెను తక్కువ చేయుటకు వాడిరి. నేడు ఆమెను తమదిగా చెప్పుకొనుటకు వాడుచున్నారు. ఆమె యేమో తన కావ్యమును కులముతో గాని, రాజుతో గాని, పాండిత్యముతో గాని తూచవలదని, విన్నవానికి తెలిసెనా లేదా యని తూచుడని కోరినది. ఆ కొలతకు ఆమె రామాయణము నేటికిని నిలుచుచున్నది. ఇక ఆమె పేరుతో పాటు నిలిచిన ఆ మొదటి మాట మరియొక తరమునకు కూడ అర్థముతో చేరవలెనన్నచో, చెరువులో మన్నును, ఊరిలో సారెయు మిగిలి యుండవలెను.